వేడెక్కి ఆగిన కంప్యూటర్: ప్రాసెసర్ పోయినట్టేనా?

ప్రశ్న:

వరంగల్ నుంచి ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమెకు 34 ఏళ్లు. ఎనుమాముల మార్కెట్ దగ్గర్లో ఇల్లు. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తారు, వీడియోలు ఎడిట్ చేస్తారు. హన్మకొండలోని రెండు స్టూడియోలు పని ఇస్తుంటే ఇంట్లోనే చేసి పంపుతారు. కంప్యూటర్ 2021లో కొన్నది. ఇంటెల్ ఐ5-10400 ప్రాసెసర్, దానితోపాటు డబ్బాలో వచ్చిన ఫ్యాన్, ఒక చిన్న గ్రాఫిక్స్ కార్డు. దుమ్ము పడుతోందని అత్తమ్మ చెబితే క్యాబినెట్‌ను టేబుల్ కింద తలుపున్న చెక్క అరలోకి మార్చారు. దాని మీద ఒక గుడ్డ కూడా కప్పారు.

బీటెక్ చదివే మరిది ఎండాకాలం సెలవులకు వచ్చి రాత్రిళ్లు గేమ్స్ ఆడేవాడు. "ఒకరోజు పొద్దున లేచి చూస్తే అర తలుపు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంది. ఏదో మాడిన వాసన. కంప్యూటర్ ఇంకా ఆన్‌లోనే ఉంది. ఆ రోజే రిసెప్షన్ వీడియో రెండర్‌కు (ఎడిట్ చేసినదాన్ని చివరి ఫైలుగా తయారుచేయడానికి) పెట్టాను. ముందు బాగా స్లో అయింది, తర్వాత టక్కున ఆగిపోయింది. పది నిమిషాలాగి ఆన్ చేస్తే ప్రాసెసర్ వేడెక్కింది, ఎఫ్1 నొక్కండి అని వచ్చింది" అని రాశారు. షాపుకు తీసుకెళితే ఆ మెసేజ్ చూసి, "ప్రాసెసర్ కాలిపోయింది మేడం, మదర్‌బోర్డుతో కలిపి మార్చాలె, 17 వేలు అయితది" అన్నారట. డబ్బు లేక వెనక్కి తెచ్చుకున్నారు.

ఇంట్లో దీని మీద పెద్ద రభసే జరిగింది. "నేనేం చేయలేదు వదినా" అని మరిది హాస్టల్‌కు వెళ్లిపోయాడు, ఫోన్ ఎత్తడం లేదు. "చిన్నపిల్లాడి మీద పెడతావా" అని అత్తమ్మ అన్నారు. పోనీలే అంటారు భర్త. రెండు ఆల్బమ్‌లు, ఒక వీడియో ఇంకా ఇవ్వాలి. ప్రాసెసర్ నిజంగా పాడైందా, ఎలా తెలుసుకోవాలి, మరిదిని డబ్బు అడగాలా, ఇది అమ్మేసి ఇంకోటి కొనుక్కుంటే పోతుందా అని అడుగుతున్నారు.

జవాబు:

ముందు ఆ ఆల్బమ్‌ల సంగతి చూడండి. మీ ఫొటోలు, వీడియోలు ఉండేది డిస్కులో. ప్రాసెసర్ వేడెక్కితే వాటికేమీ కాదు. కానీ మధ్యలో పదేపదే ఆగిపోయే కంప్యూటర్‌లో రాస్తూ ఉన్న ఫైలు చెడిపోవచ్చు. డిస్కు విప్పించి, మీకు పనిచ్చే స్టూడియోలో ఏదో ఒక కంప్యూటర్‌కు తగిలించి, అన్నీ కాపీ చేసుకోండి. వీలైతే ఆ వీడియోను అక్కడే రెండర్ చేసుకోనిమ్మని అడగండి. పెళ్లిళ్ల సీజన్‌లో వాళ్లకూ పని అవడమే ముఖ్యం, కాదనరు. చేతిలో ఉన్న పని టెన్షన్ తీరితే మిగతాది నిదానంగా చూసుకోవచ్చు.

ఇక అసలు విషయం. షాపతను చెప్పిన మాట కన్నా మీరు రాసిన ఒక్క ముక్క నాకు ఎక్కువ పనికొచ్చింది: "ముందు స్లో అయింది, తర్వాత ఆగిపోయింది." ప్రాసెసర్‌లోనే వేడిని కొలిచే సెన్సర్లు ఉంటాయి. మీ ఐ5-10400కు హద్దు 100 డిగ్రీలు. అక్కడికి చేరగానే అది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. తగ్గించినా వేడి ఆగకుండా ఇంకా బాగా పైకి పోతే కరెంటు తీసేయించి మొత్తం ఆపేస్తుంది. మీకు కనిపించింది ఇదే. ఇంట్లో ఎంసీబీ పడిపోతే వైరింగ్ అంతా కాలిపోయిందని ఎవరూ గోడలు పగలగొట్టరు కదా. ఆ మెసేజ్ కూడా వేడి ఎక్కువైందని చెప్పిందే కానీ ప్రాసెసర్ పోయిందని చెప్పలేదు. మెసేజ్ చూసి అంత మాట అన్నారంటే, కూలర్ (ప్రాసెసర్ మీద బిగించిన ఫ్యాన్, దాని కింది లోహపు రేకులు) విప్పి కూడా చూడలేదన్నమాట.

వేడికి ప్రాసెసర్ కాలిపోతుందన్న భయం ఊరికే పుట్టలేదు. 2001లో బాగా ప్రచారమైన ఒక పరీక్షలో, నడుస్తున్న ప్రాసెసర్ మీద నుంచి హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు రేకుల దిమ్మె) తీసేస్తే ఆ రోజుల ఏఎండీ అథ్లాన్ క్షణాల్లో కాలిపోయింది. అదే పని చేసినా ఇంటెల్ పెంటియం 4 వేగం తగ్గించుకుని బతికిపోయింది. ఆ తర్వాత ఇలాంటి రక్షణ అందరి ప్రాసెసర్లలోకీ వచ్చింది. మెకానిక్కుల నోట మాత్రం పాత భయమే ఉండిపోయింది.

అలాగని వేడి ఏమీ చేయదని కాదు. నెలల తరబడి 95, 100 దగ్గర నడిస్తే ప్రాసెసర్ లోపలి సన్నని దారులు మెల్లగా అరుగుతాయి. దాని లక్షణం వేడెక్కి ఆగిపోవడం కాదు, లెక్క తప్పడం. అంతకుముందు హాయిగా నడిచిన వేగం దగ్గరే ఇప్పుడు తడబడుతుంది. అందుకే మీరు తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే. బాగా చల్లగా ఉంచి పని చేయించినా తప్పులు చేస్తోందా? చేస్తుంటే నష్టం జరిగినట్టు. చల్లబరిస్తే సరిగ్గా నడుస్తోందంటే చెడింది ప్రాసెసర్ కాదు, దాన్ని చల్లబరిచే ఏర్పాటు.

పరీక్షకు ముందు ఆ మాడిన వాసన సంగతి తేల్చాలి. వాసన ముందుగా ప్రాసెసర్ నుంచి రాదు. ఎక్కువగా పవర్ సప్లై నుంచి, లేదా బోర్డు మీద ప్రాసెసర్ పక్కనుండే కరెంటు భాగాల నుంచి వస్తుంది. మీ విషయంలో ఆ చెక్క అరకు అంటించిన సన్‌మైకా, దాని బంక వేడికి వాసన కొట్టి ఉండవచ్చు కూడా. ప్లగ్ తీసేసి క్యాబినెట్ పక్క తలుపు విప్పండి. పవర్ సప్లై వెనక జాలీ దగ్గర ముక్కు పెట్టి చూడండి. బోర్డు మీద చిన్న డబ్బాల్లాంటి కెపాసిటర్ల తలలు ఉబ్బాయా, ఎక్కడైనా నల్లగా కమిలిందా చూడండి. వీటిలో ఏదున్నా మళ్లీ ఆన్ చేయకుండా ఆ భాగం మార్పించండి. వాసన అర నుంచే వస్తుంటే ఒక చింత తీరినట్టే.

ఇప్పుడు ఫ్యాన్ దగ్గరికి రండి. మీ ఉత్తరంలో ఎనుమాముల అన్న మాట చదవగానే నాకు అనుమానం వచ్చింది. మార్కెట్‌కు పత్తి వచ్చే నెలల్లో ఆ చుట్టుపక్కల గాలిలో నూగు తేలుతూనే ఉంటుంది. మామూలు దుమ్మైతే ఫ్యాన్ రెక్కల మీద పేరుకుని కంటికి కనిపిస్తుంది. దూది అలా కాదు. రెక్కల సందుల్లోంచి దిగి, ఫ్యాన్‌కూ కింది అల్యూమినియం రేకులకూ మధ్య పలచటి బూడిదరంగు పరుపులా అతుక్కుంటుంది. పై నుంచి చూస్తే ఫ్యాన్ శుభ్రంగానే ఉంటుంది, తిరుగుతూనే ఉంటుంది, కానీ గాలి కిందికి దిగదు. పై నుంచి బ్లోయర్ కొడితే ఆ పరుపు ఇంకా గట్టిగా అదుముకుంటుంది. కూలర్ విప్పి, రేకుల వైపు నుంచి దులపాలి. బ్లోయర్ వాడితే ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి, గాలికి దాన్ని గిర్రున తిరగనివ్వకండి.

ఇంకో అనుమానం ఆ కూలర్ నాలుగు కాళ్ల మీద. ఇంటెల్ డబ్బాలో వచ్చే కూలర్‌కు స్క్రూలుండవు, నాలుగు మూలలా ప్లాస్టిక్ పిన్నులుంటాయి. బోర్డు రంధ్రాల్లోకి నొక్కితే టక్ మని పట్టుకోవాలి. క్యాబినెట్‌ను ఒక చోటు నుంచి ఇంకో చోటుకు ఈడ్చినప్పుడు, వేడికి ప్లాస్టిక్ మెత్తబడినప్పుడు, ఒక్కటి పైకి లేస్తే చాలు, కూలర్ ఒక పక్క వాలి ప్రాసెసర్‌కు సరిగ్గా ఆనదు. ఒక్కో మూల వేలితో మెల్లగా కదిపి చూడండి. ఏదైనా కదులుతుంటే మీ 17 వేల రూపాయల జబ్బు అక్కడే ఉండవచ్చు.

కూలర్ ఎలాగూ విప్పుతారు కాబట్టి ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య వేడి దాటేందుకు పూసే పేస్టు కూడా మార్చండి. 2021 నాటిది ఈపాటికి ఎండి పెళుసుబారి ఉంటుంది. పాతదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, మధ్యలో బఠాణీ గింజకన్నా కాస్త చిన్నగా కొత్తది పెట్టి, పిన్నులను ఎదురెదురు మూలల వరుసలో నొక్కాలి. టూత్‌పేస్టు పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, అది కొద్ది రోజుల్లోనే ఎండిపోతుంది. మీ ప్రాసెసర్ ఇనుప చట్రం కింద బిగించి ఉంటుంది కాబట్టి కూలర్‌తోపాటు ఊడి రాదు. పాత ఏఎండీ రైజెన్ ఉన్న పాఠకులు మాత్రం జాగ్రత్త. వాటిలో పేస్టు గట్టిపడితే కూలర్‌తోపాటు ప్రాసెసరే పిన్నులతో సహా ఊడి వస్తుంది. కాసేపు కంప్యూటర్ నడిపి వెచ్చబరిచి, ఆపి, ప్లగ్ తీసి, కూలర్‌ను అటూ ఇటూ తిప్పుతూ తీయాలి.

ఇదంతా అయ్యాక క్యాబినెట్‌ను అరలో కాకుండా బయట, ఫ్యాన్ గాలి తగిలే చోట పెట్టి ఆన్ చేయండి. విండోస్‌లోకి వెళ్లకుండా బయోస్‌లోనే (విండోస్ కన్నా ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల తెర) ఓ పది నిమిషాలు ఉంచి, అక్కడ కనిపించే వేడి చూడండి. 50, 60 మధ్య నిలబడితే పరవాలేదు. ఊరికే ఉన్నా 80, 90 ఎక్కుతోందంటే కూలర్ సరిగ్గా కూర్చోలేదు. మళ్లీ విప్పాల్సిందే, ముందుకు పోవద్దు. అదే బయోస్‌లో సెట్టింగులన్నీ డిఫాల్ట్‌కు తెచ్చేయండి. మరిది ఏమైనా మార్చి ఉంటే అదీ పోతుంది.

తర్వాత విండోస్‌లో హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం తెరిచి పక్కన పెట్టుకుని, ఒక మామూలు వీడియో రెండర్ చేయండి. వేడి, వేగం రెండూ కలిపి చూడాలి. మీ ప్రాసెసర్ కనీస హామీ వేగం 2.9 గిగాహెర్ట్జ్. అన్ని కోర్లూ (ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగాలు) పని చేస్తున్నప్పుడు 4 దాకా వెళ్లగలదు. వేడి 75 దగ్గర ఉండి వేగం మూడు, మూడున్నరకు దిగితే గాభరా పడకండి. అది బోర్డు పెట్టిన 65 వాట్ల కరెంటు పరిమితి. వేడి 100 తాకి, వేగం 2.9 కన్నా కిందికి పడి, థర్మల్ థ్రాట్లింగ్ (వేడికి వేగం తగ్గించుకోవడం) అన్న వరుసలో యెస్ (Yes) అని వస్తేనే చల్లదనం చాలలేదని అర్థం. చూసేటప్పుడు గది వేడిని మరవకండి. కూలర్ ఎంత మంచిదైనా గది వేడి మీద ఇంత అని కలుపుతుంది తప్ప దానికన్నా కిందికి దించలేదు. చలికాలం 22 డిగ్రీల గదిలో 68 చూపించిన కంప్యూటర్ మే నెలలో 38 డిగ్రీల గదిలో 84 చూపిస్తే, అది అదే ఆరోగ్యం. చెక్క అర లోపల గాలే 50 దాటిందనుకోండి, ఇక మిగిలిన లెక్క మీరే వేసుకోవచ్చు.

వేడి అదుపులోకి వచ్చాక అసలు పరీక్ష. ముందు ర్యామ్‌ను మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రాంతో ఒక రాత్రి చూసేయండి. ర్యామ్ తప్పులు అచ్చం ప్రాసెసర్ తప్పుల్లాగే కనిపిస్తాయి, తర్వాత తికమక పడతారు. అది దాటాక ఇంటెల్ వాళ్లే ఉచితంగా ఇచ్చే ప్రాసెసర్ డయాగ్నస్టిక్ టూల్ నడపండి. పాస్, ఫెయిల్ అని తేల్చి చెబుతుంది. దానికన్నా కఠినమైనది ప్రైమ్95. పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యల కోసం వెతికే ప్రోగ్రాం ఇది. జవాబు ఎంత రావాలో దానికి ముందే తెలిసిన లెక్కలు ప్రాసెసర్‌తో చేయించి సరిచూస్తుంది. అందులో స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీస్ ఎంచుకుని ఒక గంట వదిలేయండి. వేడిని గమనిస్తూ ఉండండి, మామూలు రెండరింగ్ కన్నా ఇది ఎక్కువే ఎక్కిస్తుంది. 85 లోపే ఉండి కూడా ఏదో ఒక వర్కర్ (ఒక్కో కోర్ మీద నడిచే లెక్కను అందులో అలా అంటారు) రౌండింగ్ ఎర్రర్ అని ఆగిపోతే, రెండోసారి నడిపినా అదే కోర్ ఆగితే, ప్రాసెసర్ మీద నా అనుమానం బలపడుతుంది. గంటసేపు ఒక్క తప్పు లేకుండా నడిస్తే మీ ప్రాసెసర్‌కు ఏమీ కాలేదని నేను ధైర్యంగా చెబుతాను.

కంప్యూటర్‌లో జరిగినవన్నీ నమోదయ్యే విండోస్ ఈవెంట్ వ్యూయర్ కూడా ఒకసారి తెరిచి చూడండి. సిస్టమ్ లాగ్‌లో కెర్నల్-పవర్ 41 అని వరుసగా ఉంటాయి. వాటిని పట్టుకుని ఎవరైనా భయపెడితే భయపడకండి. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిందని మాత్రమే దాని అర్థం, ఇంట్లో కరెంటు పోయినా అదే పడుతుంది. హార్డ్‌వేర్ తప్పులను నమోదు చేసే డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ పేరుతో 18, 19 నంబర్ల ఎంట్రీలుండి, వాటిలో ప్రాసెసర్ కోర్ అని రాసుంటే మాత్రం ఫొటో తీసి పెట్టుకోండి. ఏ తేదీలవో చూడండి. ఆ వేడి రోజువే అయితే అంతగా పట్టించుకోనక్కర్లేదు, శుభ్రం చేశాక కూడా పడుతుంటేనే లెక్క. ఇకమీదట స్లో కాకుండా, వేడి ఎక్కకుండానే ఒక్కసారిగా ఆగిపోతుంటే ప్రాసెసర్‌ను వదిలేసి యూపీఎస్ బ్యాటరీని, పవర్ సప్లైని చూపించండి.

ఇవన్నీ మీరే చేసుకోవాలని లేదు. ఇంకో షాపుకు వెళ్లండి. వెళ్లి "ప్రాసెసర్ పోయిందా చూడండి" అనకండి. "సర్వీసింగ్ చేసి, పేస్టు మార్చి, నా ముందు గంటసేపు టెస్ట్ పెట్టండి" అనండి. అడిగే తీరు మారితే వచ్చే జవాబూ మారుతుంది. పోయిందనే అంటే, ఏ బోర్డు మీద వేసి చూశారని అడగండి. అదే సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) ఉన్న మంచి బోర్డులో మీ ప్రాసెసర్ వేసి, లేదా మీ బోర్డులో మంచి ప్రాసెసర్ వేసి చూపిస్తే ఇక వాదన లేదు. ఇచ్చే ముందు ప్రాసెసర్ మీద చెక్కిన నంబర్ ఫొటో తీసుకోండి. మార్చాల్సి వచ్చినా పాతది మీ చేతికి రావాలి.

ఫలితాన్ని బట్టి మీ ముందు ఉండే దారులు వేరు. పరీక్ష దాటితే ఖర్చు పేస్టు, సర్వీసింగ్ వరకే. సీజన్ పని నిశ్చింతగా చేసుకోండి, ఫైళ్ల కాపీ మాత్రం రెండో చోట ఉంచుకోండి. తప్పులు చేస్తోందని తేలినా వెంటనే 17 వేలు పెట్టక్కర్లేదు. విండోస్ పవర్ ఆప్షన్లలో మ్యాగ్జిమం ప్రాసెసర్ స్టేట్ 99 శాతానికి తగ్గిస్తే టర్బో (హామీ వేగానికి మించి పరుగెత్తడం) ఆగిపోయి 2.9 దగ్గరే నడుస్తుంది. కొంచెంగా అరిగిన ప్రాసెసర్ ఆ వేగంలో చాలాసార్లు తప్పు లేకుండా పని చేస్తుంది. గంటలో అయ్యే రెండరింగ్ గంటా ఇరవై నిమిషాలు పడుతుంది, అంతే. ప్రైమ్95 మళ్లీ నడిపి, తప్పులు లేవంటే ఈ సీజన్ ఇలా గట్టెక్కి, డబ్బు చేతికొచ్చాక ఆలోచించండి. అప్పటికీ తప్పులొస్తే మార్చక తప్పదు. సెకండ్ హ్యాండ్ ఐ5-10400 వేసుకుంటే బోర్డు, ర్యామ్ పాతవే సరిపోతాయి, చౌకలో పోతుంది. కానీ దాన్ని ఇంతకుముందు ఎవరు ఎలా వాడారో తెలియదు, కొనే ముందు పైన చెప్పిన పరీక్షే దానికీ పెట్టాలి. బోర్డుతో సహా కొత్తది వేస్తే ఇంకొన్నేళ్లు చూసుకోనక్కర్లేదు. అప్పుడు మీ పాత డీడీఆర్4 ర్యామ్ పట్టే బోర్డే అడగండి, లేకపోతే ర్యామ్ ఖర్చు అదనం. మీది 2021లో కొన్నది కాబట్టి ఇంటెల్ మూడేళ్ల వారంటీ అయిపోయింది.

(13, 14వ తరంలో పేరు చివర K అక్షరం ఉన్న ఐ5, ఇంకా ఐ7, ఐ9 ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లున్న వాళ్లకు ఒక మాట. వాటిలో ఎక్కువ వోల్టేజీ వల్ల నష్టం జరుగుతోందని ఇంటెల్ 2024లో ఒప్పుకుని, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. బయోస్ అప్‌డేట్ చేయించుకోండి. అప్పటికే జరిగిన నష్టాన్ని అది బాగుచేయదు, కాబట్టి తప్పులు కనిపిస్తే వారంటీ అడగండి.)

ఇక మీ మరిది. గేమ్స్ ఆడితే ప్రాసెసర్ చెడిపోదు. ఆరు కోర్లనూ ఒకేసారి పిండేది మీ వీడియో రెండరింగే, చాలా గేమ్స్ అంత పని పెట్టవు. రాత్రంతా గ్రాఫిక్స్ కార్డు వేడి కూడా ఆ మూసిన అరలోనే తిరిగిందన్నది నిజం, ఆ మేరకు అతని వాటా ఉంది. కానీ అరలో పెట్టించిందీ, గుడ్డ కప్పిందీ అతను కాదు, నాలుగేళ్లుగా కూలర్ విప్పనిది మీరు. ఇప్పుడే డబ్బు అడిగితే వస్తుందేమో కానీ, రేపు దూదే కారణమని తేలితే ఆ మాట వెనక్కి తీసుకోవడం కష్టం, అత్తమ్మ దగ్గర మీ మాటకు విలువ తగ్గుతుంది. అసలు అడగకుండా మీ ఆయన అన్నట్టు పోనీలే అనుకుంటే మీ మనసులో ఉండిపోతుంది, వచ్చే సెలవుల్లో మళ్లీ అదే గొడవ. నాకు తోచినది మధ్య దారి. పరీక్ష ఫలితం వచ్చేదాకా డబ్బు మాట ఎత్తకండి. "నువ్వు చెడగొట్టావనడం లేదు, నాకు కూలర్ విప్పడం రాదు, ఆదివారం వచ్చి చేసిపెట్టు" అని మెసేజ్ పెట్టండి. ఫోన్ ఎత్తనివాడు కూడా అలాంటి మెసేజ్‌కు జవాబివ్వవచ్చు. వస్తే సర్వీసింగ్ డబ్బులు మిగులుతాయి, లోపల ఏముందో తనూ కళ్లారా చూస్తాడు. రాకపోతే మీరే చేయించుకుని, అయిన ఖర్చు ఎంతో ఇంట్లో అందరి ముందూ చెప్పండి. అతను ఇస్తానంటే ఎంతిస్తాడో అతనికే వదిలేయండి. అత్తమ్మకు దుమ్ము భయం ఉంటే అర వెనక పలక తీయించి, తలుపు తెరిచి ఉంచి, నెలకోసారి దులుపుతానని చెప్పండి. గుడ్డ మాత్రం తీసేయాల్సిందే.

అమ్మడం గురించి అడిగారు. పరీక్ష దాటిందంటే అమ్మాల్సిన అవసరమే కనిపించడం లేదు. అయినా అమ్ముతానంటే ప్రైమ్95 గంట నడిచిన స్క్రీన్ ఫొటో చూపించి అమ్మండి, కొనేవాళ్లు బేరం తక్కువ చేస్తారు. దాటలేదంటే ఆ సంగతి దాచి అమ్మవద్దు. ఈ ఊళ్లో ఆల్బమ్ పని చేసేవాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే, రెండో నెలలోనే అది తిరిగి మీ గడపకే వస్తుంది. అలాంటప్పుడు ప్రాసెసర్‌ను పక్కన పెట్టి బోర్డు, ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, క్యాబినెట్ విడివిడిగా అమ్మితే వాటి ధర వాటికి వస్తుంది.